మా కప్పు వంతు ఆఖరు

"గాలివానకి కూడా కులమేంటి మేడమ్?" అన్నారు మా స్టాఫ్‌రూములో ఒక సారు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆ తర్వాత వారం మాట ఇది. నష్టం రాసుకోవడానికి వచ్చినవాళ్ళు మా పేటని ఎలా రాసుకుపోయారో నేను చెబుతుంటే, ఆయన నవ్వి అన్న మాట. ఆయన చెడ్డమనిషేం కాదు. లేని పిల్లలకి సొంత డబ్బుతో నోటుపుస్తకాలు కొనిపెడతాడు. అందుకే ఆయనకి చెప్పాలనిపించింది. ఒక మాటలో అయ్యేది కాదు గనక ఇక్కడ రాస్తున్నాను.

ఈ రకం మాటలు మాకు కొత్తవి కావు. రక్తానికి కులం లేదంటారు. ఆకలికి కులం లేదంటారు. చావుకి కులం లేదంటారు, శ్మశానాలు మాత్రం రెండుంటాయి. గాలికి కులం లేదు, ఒప్పుకుంటా. వానకీ లేదు. సముద్రానికి అసలే లేదు. కానీ గాలి వచ్చి తగిలేది కప్పుకి. ఆ కప్పు ఎక్కడుంది, ఎవరి చెట్టు ఆకుతో నేశారు, లేచిపోతే ఎవరిది ముందు వేస్తారు, దాన్ని గవర్నమెంటు ఏ గడిలో రాస్తుంది, వీటన్నిట్లో కులముంది.

నేను గవర్నమెంటు బడి పంతులమ్మని. 2016లో ఉద్యోగమొచ్చింది. మా నాన్న వైపూ మా అమ్మ వైపూ కలిపి చూసినా డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. నాన్న పాలేరుగా చేశాడు, తర్వాత కొబ్బరి దింపుకెళ్ళేవాడు. అమ్మ కూలికెళ్ళేది, ఇప్పటికీ వద్దంటే వినకుండా వెళ్తుంది. మాది కోనసీమలో సముద్రానికి కొన్ని మైళ్ళు ఇవతల ఒక ఊరి మాలపేట. ఊరి మాలపేట అన్నాను చూశారా. మమ్మల్ని ఊరివాళ్ళు అనరు. పేటోళ్ళంటారు.

కోనసీమ అంటే మీకు సినిమాల్లో చూపించే కొబ్బరితోటలు, కాలవలు, పడవలు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టిన ఆనకట్ట 1852లో పూర్తయ్యాక వచ్చిన పచ్చదనం అది. ఆ కాలవలకొక లెక్కుంది. పంటకాలవ మెరకమీద పోవాలి, అప్పుడే నీళ్ళు అటూ ఇటూ చేలల్లోకి దిగుతాయి. మురుగుకాలవ పల్లంలో పోవాలి, అప్పుడే చేలల్లో ఎక్కువైన నీళ్ళు దాంట్లోకి దిగి సముద్రానికి పోతాయి. ఇంజనీర్ల లెక్క ఇంతవరకే. మెరకన పంటకాలవ పక్కన ఎవరుండాలి, పల్లాన మురుగుకాలవ పక్కన ఎవరుండాలి అన్నది వాళ్ళు చెప్పలేదు. అది వాళ్ళకంటే చాలా ముందే ఎవరో చెప్పిపెట్టారు. ఊళ్ళో పడ్డ వాన వీధుల్లోంచి, సందుల్లోంచి పోయి పోయి మా పేటలోకొచ్చి ఆగుద్ది. తుఫాను రోజున సముద్రం పోటుమీదుంటే మురుగు దిగదు, వెనక్కి తన్నుద్ది. అప్పుడు మా ఇళ్ళల్లోకి నీళ్ళు పైనించీ వస్తాయి, కిందనించీ వస్తాయి.

కప్పు సంగతి వివరంగా చెప్తాను. పూరిల్లు మీద కథలూ పాటలూ చాలా ఉన్నాయి గానీ దాన్ని ఎలా నేస్తారో రాసినవాళ్ళు తక్కువ. తాటాకు ఇల్లు నేయడం చూరు దగ్గర మొదలెట్టి కొప్పు దగ్గర ముగిస్తారు. కింది వరసమీదకి పై వరస సగానికి పైగా ఎక్కాలి. అలా ఎక్కితేనే పైన పడ్డ చుక్క ఆకుమీంచి ఆకుమీదకి జారి చూరునించి బయట పడుద్ది. ఆకు ఎండాకాలం కోసి, పరిచి, బరువు పెట్టి, అణిగాక ఆరబెట్టాలి. రెండు మూడేళ్ళకి పుచ్చుద్ది. అప్పుడు మొత్తం తీసి మళ్ళీ నేయాలి. మధ్యలో చిరుగు పడితే పైనించి ఒక ఆకు పడేస్తే కుదరదు. పై వరస ఎత్తి, దాని కిందకి కొత్త ఆకు తోసి, లోపలనించి ఇంకొకళ్ళు నారతో వాసానికి కట్టాలి. పైన ఒకళ్ళు, లోపల ఒకళ్ళు. వానలో ఆకు జారుద్ది, కాలు జారుద్ది, తడిసిన నార ముడి బిగవదు. అందుకని వానలో కప్పు బాగుచేయడమంటే ఏదో ఒకటి అడ్డం పెట్టడమే. ఎరువుల గోతాం, పాత చీర, ఎలక్షన్లయ్యాక తెచ్చుకున్న ఫ్లెక్సీ. మా కప్పుమీద ఒకప్పుడు ఒక పెద్దమనిషి ముఖం చేతులు జోడించి ఆకాశానికి దణ్ణం పెడుతూ రెండేళ్ళుంది.

మా ఇళ్ళల్లోకి తల వంచి దూరాలని ఊళ్ళో పిల్లలు మమ్మల్ని ఎగతాళి చేసేవాళ్ళు. చూరు కిందకి దించకపోతే జల్లు మట్టిగోడకి కొట్టి గోడ కరిగిపోద్ది. చూరు పైకుంటే దాని కిందనించి గాలి దూరి, గొడుగు తిరగబడ్డట్టు కప్పు తిరగబడుద్ది. తుఫాను కబురు రాగానే కప్పుమీంచి మోకులేసి రెండుపక్కలా గుంజలకి బిగించేది కూడా ఆ గాలికోసమే. మా తాతలకి తెలిసిన ఇంజనీరింగు ఇది. తొమ్మిదేళ్ళుగా పాఠాలు చెప్తున్నాను, ఏ క్లాసు పుస్తకంలోనూ దీని గురించి ఒక వాక్యం నాకు కనపడలేదు.

మరి ఈ ఆకు ఎక్కడిది? తాటిచెట్లు గట్లమీదుంటాయి. గట్లు రైతులవి. ఆకు కావాలంటే రైతుని అడగాలి. కొంత డబ్బుకి, కొంత పనికి. మా ఇంటి ఆకుకోసం నాన్న ఎండాకాలంలో రైతు గొడ్లసావిడి నేసిపెట్టేవాడు. మా ఊళ్ళో ప్రతి గొడ్లసావిడీ, తోటల్లో ప్రతి మకామూ, కళ్ళాల దగ్గర ప్రతి పాకా నేసింది మా పేటవాళ్ళే. మంచి ఆకు సావిడికి పోయేది. పురుగు తిన్నదీ, చివర చీలిందీ మాకొచ్చేది. ఇంకో విచిత్రం చూడండి. ఆ సావిడి కొప్పెక్కి రోజంతా కూచున్నవాడు దిగాక ఆ ఇంటి అరుగుమీద కూచోకూడదు. నెత్తిమీద కూచుంటే అంటని మైల అరుగుమీద కూచుంటే ఎలా అంటుద్దో నాకు ఈనాటికీ అంతుపట్టలేదు.

1996 నవంబరు 6. నాకు ఎనిమిదేళ్ళు, మూడో తరగతి. ఆ తుఫాను కోనసీమని తొక్కేసి పోయింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు లక్షల్లో కూలాయి. ఇదంతా అందరికీ తెలిసిందే. మా పేటలో ఆ రోజు మధ్యాహ్నం ఏం జరిగిందో మాత్రం ఎక్కడా అచ్చుకాలేదు.

కోతల రోజులు. కోసిన వరి కొంత పనలమీదుంది. మబ్బు చూసి రైతు మనిషిని పంపాడు, చేల్లో వరి కుప్పెయ్యాలి, బరకాలు కప్పాలి, రమ్మని. నాన్న అప్పటికి మోకు సంపాదించి మా కప్పుకి ఒకపక్క కట్టాడు. రెండోపక్క గుంజ పాతుతున్నాడు. "ఇది కట్టేసి వస్తానని చెప్పు" అన్నాడు. "నీ పాక ఎక్కడికి పోద్దిరా, ఇప్పుడే రమ్మన్నారు" అన్నాడు వచ్చినవాడు. నాన్న వెళ్ళాడు. పాలేరు జీతం ముందే వాడుకున్నవాడు వెళ్ళకుండా ఎలా ఉంటాడు? చీకటి పడేదాకా మా పేట మగాళ్ళంతా చేలల్లోనే. కుప్పలమీద బరకాలు పరిచి, చుట్టూ తాళ్ళు బిగించి, తాళ్ళకి బరువులు కట్టారు. సరిగ్గా అదే వేళకి పేటలో ఆడాళ్ళు కప్పుల్ని పట్టుకునున్నారు. మాటవరసకి అనడం లేదు. మా అమ్మ వాసానికి చీర కట్టి ఆ చీర పట్టుకుని వేలాడింది. నన్నూ తమ్ముణ్ణీ రోలు పక్కన కూచోబెట్టింది. మోకు కట్టని పక్కనించి లేచింది కప్పు. గోడకీ చూరుకీ మధ్య సందు పడి వెల్లగా కనపడింది. తర్వాత కప్పు లేదు. అమ్మ చేతిలో చీర ముక్క ఉంది.

ఆ రాత్రి చర్చిగోడ వారన నిలబడ్డాం. చర్చి పెంకులు కూడా అప్పటికే పోయాయి, గోడలున్నాయి. నాన్న ఎప్పుడొచ్చాడో, ఎలా వచ్చాడో తెలీదు. వచ్చాక తెల్లారేదాకా మాట్లాడలేదు. మా పేటలో ఒక ముసలాయన, నెలల బిడ్డ ఒకటీ పోయారు. వరికుప్పలూ నిలవలేదు లెండి. అంత గాలికి బరకం ఎంత, తాడు ఎంత. వరి దక్కలేదు గదా అని మీరనొచ్చు. మా కప్పుకి రెండోపక్క మోకు బిగించడానికి పావుగంట పట్టేది. బిగిస్తే ఆగేదా అంటే నేనేం చెప్పలేను. ఆ పావుగంట మా నాన్నది ఎందుకు కాలేదన్నదే నా ప్రశ్న.

తర్వాత నెలంతా ఊళ్ళో ఇళ్ళమీద పడ్డ చెట్లు నరికిందీ, సావిళ్ళు లేపిందీ, పెంకులు సర్దిందీ మావాళ్ళే. పగలు ఊళ్ళో, రాత్రి లాంతరు పెట్టుకుని మా పాకలు. ఊళ్ళో పని తెమిలిందాకా మాకు ఆకు దొరకలేదు కూడా. డిసెంబరు మాకు పండగ నెల. వెదురుబద్దలతో నక్షత్రం కట్టి, రంగుకాగితం అంటించి కప్పుమీద నిలబెడతాం. ఆ ఏడు నక్షత్రాలు చింతచెట్టుకి వేలాడదీశారు. చలి. తడిసిన బొంతలు ఎండలేదు. కూలిన కొబ్బరిచెట్టుకి నష్టం చెట్టున్నవాడి పేరున రాశారు. ఆ చెట్టెక్కి బతికేవాడికి చెట్టు పోతే ఏం పోయిందో రాసే గడి ఆ కాగితంలో లేదు.

గడి అంటే గుర్తొచ్చింది. విపత్తు సాయానికి కేంద్రం నిబంధనలుంటాయి. ఉద్యోగమొచ్చాక, చదవడం వచ్చిన మనిషిని గనక, అవి తెచ్చుకుని చదివాను. మీరూ చదవండి. అందులో ఇళ్ళు మూడు రకాలు. పక్కా ఇల్లు, కచ్చా ఇల్లు, గుడిసె. గుడిసె అంటే ఏంటో అక్కడే చెప్పారు: ఆకులు, మట్టి, ప్లాస్టిక్ పట్టాలు ఇలాంటివాటితో కట్టిన తాత్కాలికమైనది, కచ్చా ఇంటికంటే తక్కువది. 2022 నించి 2026 దాకా పెట్టిన రేట్ల ప్రకారం మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లుగానీ కచ్చా ఇల్లుగానీ పూర్తిగా పోతే 1,20,000 రూపాయలు. గుడిసెకి 8,000. అది దెబ్బతిన్నా అంతే, పూర్తిగా పోయినా అంతే. గుడిసెకి పూర్తిగా, పాక్షికంగా అనే తేడా కూడా అక్కర్లేదన్నమాట. ఇంటిని ఆనుకున్న పశువులపాకకి 3,000. మనిషి గుడిసెకీ గొడ్ల పాకకీ మధ్య దూరం అయిదువేల రూపాయలు. అంతకుముందు, 2015 నించి 2020 దాకా, గుడిసెకి 4,100, పశువులపాకకి 2,100. అప్పుడు ఆ దూరం రెండువేలే.

మనుషుల్ని నాలుగు వర్ణాలు చేసి, అందులో పట్టనివాళ్ళని పంచములన్నారు. ఇళ్ళని కూడా అలాగే చేశారు. కచ్చా ఇంటికి కనీసం ఇల్లు అనే పేరుంది. గుడిసెకి అదీ లేదు. రాసినవాళ్ళు కులం చూసి రాశారని నేననడం లేదు. ఆ మాట రాయాల్సిన పని వాళ్ళకి లేదు. గుడిసెల్లో ఎవరున్నారో వెళ్ళి చూస్తే చాలు.

ఆ నిబంధనల్లోనే ఇంకో మాటుంది. సాయం రావాలంటే ఇల్లు అధికారికంగా అనుమతి ఉన్న కట్టడం అయ్యుండాలి. మా పేటలో మూడోవంతు ఇళ్ళు మురుగుకాలవ గట్టుమీదున్నాయి. అది పోరంబోకు. పట్టాల్లేవు. ఊరు ఊళ్ళో చోటివ్వకపోతే గట్టెక్కాం. గట్టెక్కినందుకు అనధికారం అయ్యాం. మొంథా తర్వాత వచ్చినవాళ్ళు గట్టుమీదకి రానేలేదు. రోడ్డుమీద బండి ఆపి, "ఎన్ని పాకలు? గోడలు నిలబడ్డాయా?" అని అడిగారు. గోడ నిలబడిందని ఎవరో నిజం చెప్పారు. అంతే, నష్టం లేదని రాసుకున్నారు. స్టాఫ్‌రూములో నేను చెప్పింది ఈ సంగతే.

నష్టం అంటే కూలిపోవడం ఒక్కటేనా? కారడాన్ని ఎవరు లెక్కేస్తారు? తుఫాను ఒక్కరోజుది. ముసురు నాలుగురోజులుంటుంది. ఆ నాలుగురోజులు మా ఇళ్ళల్లో ఆడమనిషి పని ఎలా ఉంటుందో చెప్తాను. ముందు పొయ్యి. కారుపు లేనిచోట పొయ్యి ఉండాలి, కానీ పొయ్యి మట్టిది, అది జరగదు. కాబట్టి పొయ్యిమీద కప్పుకి ముందు గోతాం కట్టాలి. దానికి నిప్పు అంటకుండా చూసుకోవాలి. పుల్లలు తడి. కొబ్బరిమట్టలు తడి. పొగ కళ్ళల్లోకే. తర్వాత బియ్యం డబ్బా, తర్వాత బొంతలు, తర్వాత పిల్లల పుస్తకాలు. ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ కారుపుల కింద పెట్టాక వండడానికి గిన్నె ఉండదు. ఒక గిన్నె తీసి వండాలి, అది తీసినచోట నేల బురదవుద్ది. అలికిన నేల తడిస్తే కాలు దిగబడుద్ది. రాత్రి పడుకునే చోటు మంచానికి నాలుగుసార్లు మారుద్ది. నెలసరి గుడ్డలు ఆరవు. చూరు కింద ఆరేస్తే అందరి కళ్ళూ పడతాయి, లోపల ఆరేస్తే పొగకంపు. తడిగుడ్డలే కట్టుకుని బడికెళ్ళి, బెంచీమీద కూచోలేక జ్వరమని చెప్పి వచ్చేసిన రోజులు నాకున్నాయి. ఇప్పుడు మా బడిలో వానాకాలం, తుఫాను రోజుల్లో పేటపిల్లలు రాకపోతే హాజరుపట్టీ చూసి "వీళ్ళకి చదువు పట్టదండీ" అంటారు. పేట ఆడపిల్ల నాలుగురోజులు రాలేదంటే చదువు గురించి కాదు, వాళ్ళింటి కప్పు గురించి అడగండి.

నా టెన్త్ సర్టిఫికెట్టు మా అమ్మ యూరియా సంచి లోపలి ప్లాస్టిక్ కవరులో చుట్టి, వంటింటి కుండలో పెట్టి, కుండమీద మూకుడు బోర్లించి దాచింది. ఉద్యోగంలో చేరేరోజు సర్టిఫికెట్లు చూసిన గుమాస్తా ఒకాయన దాన్ని వాసన చూసి ముఖం పెట్టాడు. పొగవాసన. ఆ వాసన లేకపోతే ఆ కాగితం ఎప్పుడో చెదలకీ వానకీ పోయుండేది.

తెలుగులో వాన గురించి ఎంత కవిత్వముందో! చూరునించి జారే చినుకులు, మట్టివాసన, వేడి పకోడీ. ఎవరి వాన వాళ్ళు రాసుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. కానీ తాటాకింట్లో ఎంత చల్లగా ఉంటుందో అని ఈమధ్య కొందరు తెగ మురిసిపోతున్నారు. సిమెంటు వద్దు, ప్రకృతిలోకి పోదాం అంటున్నారు. కోనసీమలో ఇప్పుడు రిసార్టుల్లో ఏసీ గది కట్టి దానిమీద అందానికి తాటాకు కప్పిస్తున్నారు. నేసేది మావాళ్ళే. కింద శ్లాబుంటుంది, పైన తాటాకుంటుంది. మీ తాటాకు కారినా మీరు తడవరు. దాన్ని పూరిల్లని పిలవకండి, మాకు ఒళ్ళు మండుద్ది.

శ్లాబు సంగతికొస్తా. 2008లో మా అమ్మ పేరున ఇందిరమ్మ ఇల్లొచ్చింది. కాలనీకి ఇచ్చింది పల్లపు చేను. మెరక చెయ్యడానికి తోలిన మట్టి రెండు వానలకి కుంగిపోయింది. ఇచ్చిన డబ్బుకి గోడలు లేచాయి, శ్లాబుకి అప్పు తెచ్చాం. బోరు నీళ్ళు ఉప్పన. ఆ నీళ్ళతోనే సిమెంటు కలిపారు, ఆ నీళ్ళతోనే తడిపారు. మంచినీళ్ళు కొని శ్లాబు తడిపే తాహతు ఎవరికుంది? ఉప్పు లోపలి ఊచని తింటుంది. తుప్పుపట్టిన ఊచ ఉబ్బుద్ది, ఉబ్బి సిమెంటుని నెట్టుద్ది, పెచ్చు ఊడి కింద పడుద్ది. పదేళ్ళకే ఊచలు కనపడ్డాయి. 2018 డిసెంబరు 17న పెథాయ్ తుఫాను కాట్రేనికోన దగ్గర తీరం దాటినరోజు మా శ్లాబు కారడం మొదలైంది. తాటాకు కారితే ఎక్కడ కారుతుందో తెలుసుద్ది. శ్లాబు అలాక్కాదు. నీళ్ళు ఒకచోట దిగి, లోపలే పాకి, ఇంకోచోట చుక్క పెడతాయి. మా అమ్మ రెండు రోజులు చూసి, "దీనికంటే ఆకే నయమే, ఎక్కి కట్టుకునేవోళ్ళం" అంది. ఆ మాట పట్టుకుని మళ్ళీ ఎవరైనా పూరిల్లే గొప్పంటారేమో. మా అమ్మ అన్నది శ్లాబు వద్దని కాదు. ఉప్పునీళ్ళ శ్లాబు మాకెందుకిచ్చారని.

ఆ పెథాయ్‌కి మా బడి పునరావాస కేంద్రం. నాకు డ్యూటీ. కేంద్రానికి వచ్చినవాళ్ళల్లో ముప్పాతికమంది పేటవాళ్ళే. ఊళ్ళో ఇళ్ళకి శ్లాబులున్నాయి, వాళ్ళకి కేంద్రంతో పనేముంది? ఊళ్ళోనే ఓ చివర పాకల్లో ఉండే కొన్ని బీద కుటుంబాలు కూడా వచ్చాయి. వచ్చి, లోపల ఎవరున్నారో చూసి, వరండాలో ఆగిపోయాయి. జల్లు కొడుతుంటే పిల్లల్ని ఒళ్ళో వేసుకుని వరండాలోనే కూచున్నారు గానీ మా గదుల్లోకి రాలేదు. అన్నం వండేది పేట ఆవిడని తెలిశాక బిస్కెట్లు తిని పడుకున్నారు. వాళ్ళమీద నాకు కోపం కంటే జాలే ఎక్కువ. వాళ్ళ పాకా మా పాకా ఒకే గాలికి లేచింది. 2004 డిసెంబరు 26 సునామీ తర్వాత తమిళనాడులో నాగపట్నం వైపు సహాయశిబిరాల్లో దళితుల్ని వేరుగా పెట్టారని, నీళ్ళ దగ్గర అడ్డుకున్నారని పత్రికల్లో, మానవహక్కుల నివేదికల్లో వచ్చింది. అక్కడిదాకా ఎందుకు, మా బడి వరండా నేను కళ్ళారా చూశాను. సారూ, మీకూ ఆ రోజు డ్యూటీ ఉంది.

ఇంకో మాటంటారు. "మీకిప్పుడు ఉద్యోగాలొచ్చాయి, శ్లాబులొచ్చాయి, ఇంకా ఈ ఏడుపేంటి?" అని. ఉద్యోగం వచ్చింది. జీతం వచ్చింది. బడి దగ్గర ఊళ్ళో ఇల్లు అద్దెకి అడిగితే ముందు ఇంటిపేరడిగారు. తర్వాత ఆదివారం ఎక్కడికెళ్తావని అడిగారు. తర్వాత ఆ ఇంట్లోకి చుట్టాలొస్తున్నారని చెప్పారు. మూడిళ్ళకీ ఒకేసారి చుట్టాలొచ్చారు. అందుకని మా అమ్మ దగ్గరనించే రోజూ బస్సులో వెళ్ళొస్తున్నాను. శ్లాబున్నవాళ్ళ సంగతీ చూశాం. 2022 ఏప్రిల్‌లో మా జిల్లా ఏర్పడింది. దానికి అంబేడ్కర్ పేరు పెడతామన్నారు. మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. మంత్రి దళితుడు. ఆయనది మా కాలనీ శ్లాబులాంటిది కాదు, వానకి కారేది కాదు. పేరు తర్వాత ఖరారైంది. కాగితంమీద నా చిరునామాలో ఇప్పుడు ఆయన పేరుంది. ఆ చిరునామా రాసినప్పుడల్లా నాకు సంతోషమే. ఆ రోజు కాలిన వాసన కూడా గుర్తొస్తుంది.

మా డిమాండ్లు పెద్దవేం కాదు. గుడిసె పోతే ఇల్లు పోయినట్టే రాయండి. గట్టుమీద ఉన్నవాళ్ళకి మెరకన పట్టాలివ్వండి. కారడాన్ని నష్టం కింద రాయండి. రాసుకోవడానికి వచ్చినవాళ్ళు బండి దిగి, చూరు కింద తల వంచి లోపలికొచ్చి, ఆ రాత్రి ఎక్కడ పడుకున్నారమ్మా అని అడగండి. తుఫాను కబురొచ్చిన రోజున ఎవరి కప్పు వాళ్ళు కట్టుకున్నాకే చేల్లోకి పిలవండి. కూలి మీరిస్తారు, నిజమే, కానీ ఆ పూట కూలిది కాదు.

మొంథాకి మా శ్లాబు ఇంకో రెండుచోట్ల దిగింది. పెచ్చులన్నీ కొట్టేసి, ఊచలు గీకి, మళ్ళీ పూత వెయ్యాలన్నారు. లోను పెట్టాను, డబ్బొచ్చింది. సిమెంటు బస్తాలు వరండాలో ఉన్నాయి. మేస్త్రీ మా పేటవాడే, నాకు వరసకి మావయ్య. మొన్న ఆదివారం చర్చి దగ్గర కనపడితే, ఎప్పుడొస్తావు మావయ్యా అని అడిగాను. "ఊళ్ళో రెండు శ్లాబులున్నాయమ్మాయ్, రైతులు గట్టిగా పట్టుకున్నారు. అయ్యి కాగానే మీదే" అన్నాడు. అల్పపీడనం ఇంకోటుందని రేడియోలో చెప్పారు. అమ్మ నిన్న కూలినించి వస్తూ ఎవరిదో పాత బరకం అడిగి తెచ్చింది. శ్లాబుమీద పరిచి నాలుగుమూలలా ఇటుకలు పెట్టాం.